పసిచూపును చదువు విద్య

హోసూరు రహదారిపై బెంగుళూరు వెలుపలికి వచ్చుచు, ఎలక్ట్రానిక్ సిటీని, బొమ్మసంద్ర పారిశ్రామిక వాడను దాటినంతనే ఎదురగు చందాపుర కూడలిలో ఒక దారి ఆనేకల్లునకును, మఱియొకటి దొమ్మసంద్ర మీదుగా సర్జాపురమునకును చీలిపోవును. సాయంకాలము కర్మాగారములు వదలు వేళకు ఆ కూడలిలో నిలుచున్నవానికి మదనపల్లె, కుప్పము, హిందూపురము ప్రాంతములనుండి బ్రతుకుదెరువునకై వచ్చిన వారి తెలుగును, తరతరములుగా ఇచ్చటనే యున్నవారి కన్నడమును, సరిహద్దు కావలినుండి వచ్చువారి తమిళమును, ఒడిశా బీహారు రాష్ట్రములనుండి వచ్చిన పనివారి ఒడియా, హిందీలును ఏకకాలమున వినవచ్చును. ఇందఱి నడుమ తల్లి చంకనెక్కి దిక్కులు చూచుచున్న పసివాడొకడుండును. వానిని తల్లి తెలుగులో జోకొట్టును. ఇంటి యజమానురాలు కన్నడములో ముద్దాడును. పక్క గదివారు హిందీలో పలుకరింతురు. కూరల బండివాడు తమిళములో కేకవేయుచు పోవును. ఇంకను ఒక్క మాటయైనను పలుకనేరని ఆ శిశువు ఇన్ని ధ్వనులలో దేనిని తనదిగా ఏరుకొనుచున్నాడు, ఎప్పటినుండి ఏరుకొనుచున్నాడు, ఆ ఏరుకొనుట వాని లేత మెదడులో ఎట్లు జరుగుచున్నది?

ఈ ప్రశ్న నా మనస్సున ఎన్నాళ్ళుగనో అణగియుండినది. దానిని ఇటీవల కదిలించినది మా వీధిలోని ఒక తెలుగింటి బాలిక. ఈ రహదారిపైనున్న ఒక కళాశాలలో మనస్తత్వశాస్త్రము పాఠ్యాంశముగా డిగ్రీ చదువుచున్నది. "పెద్దనాయనా, పసిబిడ్డల మెదడు మీద పరిశోధన జరిగేచోట మాలాంటి డిగ్రీవాళ్ళను రానిస్తారా? రానిచ్చినా మాకక్కడేం పనుంటుంది?" అని ఆమె అడిగినది. ప్రశ్నలు రెండైనను, నా బుద్ధికి రెండవదియే మొదట విచారింపదగినదిగా తోచినది. ఏలయన పని యెట్టిదో తెలియనిదే తలుపు ఎవరికి తెఱవవలెనో నిర్ణయించుట యసాధ్యము.

పెద్దవారిపై ప్రయోగము చేయు శాస్త్రజ్ఞునకు ఒక సౌకర్యము గలదు. "ఈ దీపము వెలిగినపుడు ఈ మీట నొక్కుడు" అని చెప్పిన వారు నొక్కుదురు, "మీకేమి తోచినది?" అని అడిగిన చెప్పుదురు. శిశువునకు ఆజ్ఞ తెలియదు, ప్రశ్న తెలియదు, శాస్త్రమునెడ మర్యాద తెలియదు. ఆకలియైన ఏడ్చును, నిద్ర వచ్చిన నిద్రించును, పరిశోధకుని ముఖము నచ్చనిచో తల్లి భుజమున తన ముఖము దాచుకొనును. అందుచేత ఈ విద్యలో పరిశోధకుడే శిశువు దారికి రావలసియుండును. వాడు స్వభావసిద్ధముగా చేయు పనులనే, అనగా చూచుట, చప్పరించుట, తల త్రిప్పుట, విసుగు చెందుట అను వానినే సమాధానములుగా చదువ నేర్వవలసియుండును.

ఈ పఠనము గృహములలోనే మొదలైనది. చార్లెస్ డార్విను 1839లో పుట్టిన తన తొలి కుమారుని చేష్టలను వ్రాసికొని, ఆ వ్రాతలను 37 ఏండ్లు దాచియుంచి, 1877లో 'మైండ్' అను పత్రికలో ప్రకటించెను. స్విట్జర్లండు దేశస్థుడైన జాఁ పియాజే తన ముగ్గురు బిడ్డల ఆటలను ఏండ్ల తరబడి గమనించి, బొమ్మపై గుడ్డ కప్పినపుడు వారు దానిని వెదకుదురా, మఱతురా అను స్వల్ప విషయమునుండి మానవజ్ఞానము క్రమముగా ఎట్లేర్పడునో తెలుపు మహాసిద్ధాంతమును నిర్మించెను. వీరు ప్రతిభావంతులు, సందేహము లేదు. అయినను తండ్రి తన బిడ్డను చూచు చూపులో ప్రేమ కలిసియుండును, ప్రేమలో ఆశ కలిసియుండును. ఆశను చూపునుండి వేఱుచేయు ఉపాయము శాస్త్రమునకు కావలసివచ్చినది.

ఆ ఉపాయములలో మిక్కిలి సరళమైనదానిని అమెరికాలో రాబర్టు ఫాంట్జ్ కల్పించెను. శిశువును వెల్లకిల పరుండబెట్టి, పైన రెండు చిత్రములుంచి, నడిమి రంధ్రమునుండి చూచుచు, ఏ చిత్రపు ప్రతిబింబము వాని కంటిపాపపై ఎంతసేపు నిలిచినదో లెక్కించుటయే ఆయన పద్ధతి. 1963లో ప్రకటించిన పరిశీలనలో, పుట్టి పది గంటలైన శిశువు మొదలు ఐదు దినములలోపు శిశువులు సైతము రంగు పూసిన బయలు పలకలకంటె రేఖలు, రూపములు గల చిత్రములనే ఎక్కువసేపు చూచిరని తేలెను. పిమ్మట విసుగు కూడ ప్రమాణమైనది: ఒకే బొమ్మను పదేపదే చూపిన శిశువు చూపు క్రమముగా తగ్గును, అపుడు క్రొత్త బొమ్మను చూపినచో చూపు మఱల నిలిచినయెడల, ఆ రెంటికిని గల భేదము వానికి తెలిసినదన్నమాట. 1971లో పీటర్ ఐమాస్, ఆయన సహచరులును పాలచన్ను వంటి రబ్బరు తిత్తిని నోటికందించి, శిశువు చప్పరింపు వేగమును కొలుచుచు, ఒక నెల వయస్సు గల బిడ్డలు సైతము 'ప', 'బ'ల భేదమును గుర్తింతురని నిరూపించిరి.

ఈ చరిత్రలో తెలుగువాని చెవి నిక్కించు ఘట్టమొకటి గలదు. 1984లో కెనడాలోని వాంకూవరు నగరమున జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు ఇంగ్లీషు మాట్లాడు ఇండ్ల శిశువులకు హిందీలోని దంత్య తకారమును, మూర్ధన్య టకారమును వినిపించిరి. ఆరు మొదలు ఎనిమిది నెలల లోపు బిడ్డలలో అధికసంఖ్యాకులు ఆ భేదమును గుర్తించిరి. పది, పండ్రెండు నెలల నడుమ బిడ్డలలో బహు కొలదిమందియే గుర్తింపగలిగిరి. హిందీ మాట్లాడు ఇండ్ల బిడ్డలకు మాత్రము ఆ శక్తి ఆ వయస్సునను చెక్కుచెదరక నిలిచియుండెను. ప్రతి శిశువును లోకభాషలన్నిటి ధ్వనులకును చెవి తెఱచియే జన్మించుననియు, తొలి యేడు నిండులోపల తన యింటి భాషకు తగినట్లు ఆ వినికిడిని దిద్దుకొనుననియు ఈ పరిశీలన లోకమునకు తెలిపినది. 'తాత' అనియు 'టాటా' అనియు మన ఇండ్లలో దినమునకెన్నిసారులో వినబడు ఈ రెండు ధ్వనుల భేదమే ఒక శాస్త్రశాఖను మలుపు త్రిప్పినది. కాని అది జరిగినది సముద్రముల కావల.

మఱి చందాపుర పసివాని సంగతి యేమి? వాని చెవిని దిద్దునది ఒక భాష గాదు, మూడో నాలుగో. 2010లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, గర్భవతిగా నున్నపుడు ఇంగ్లీషు, టాగలాగు భాషలు రెండును మాట్లాడిన తల్లుల నవజాత శిశువులు ఆ రెంటియందును సమానమైన ఆసక్తి చూపిరని తేలినది. రెండు భాషల శిశువును గూర్చి ఈపాటి తెలిసినది. ఇంటిలో ఒకటి, వాకిట ఒకటి, సందు మొగలో మఱియొకటిగా నాలుగు భాషలు వినుచు పెరుగు మన పేట బిడ్డను గూర్చి తెలిసినది అత్యల్పము. లోకమున సుమారు ఏడువేల భాషలుండగా, పిల్లలు భాష నేర్చు తీరుపై వెలువడిన ప్రధాన పరిశోధన యంతయు నూటమూడు భాషలను మించలేదని 2022లో ఇవాన్ కిడ్, రొవీనా గార్సియా లెక్కించి చూపిరి. తెలియవలసిన దంతయు మన వీధులలోనే యున్నది. తెలిసికొనవలసినవారు ఇచ్చటికి వచ్చుట అరుదు.

ఇట్టి విద్య సాగుచోట డిగ్రీ విద్యార్థికి పనియేమున్నదని గదా బాలిక ప్రశ్న. చెప్పవలెనన్న, అచ్చటి పనిలో అధికభాగము వారిదే. లోకమంతట శిశు ప్రయోగశాలలు నడచుచున్నది వారి శ్రమ మీదనే. తల్లులకు ఫోను చేసి, బిడ్డ నిద్ర లేచి పాలు త్రాగి హుషారుగా నుండు వేళ కనుగొని రమ్మనుట, వచ్చినపుడు బిడ్డకు ఆ గది క్రొత్త తీరువఱకు నేలపై కూర్చుండి ఆడించుట, తల్లికి పని వివరించుట, కెమెరాలు సరిచూచుట, పిమ్మట రోజుల తరబడి కంప్యూటరు ముందు కూర్చుండి, సెకనుకు 30 చిత్రములుగా సాగు వీడియోను ఒక్కొక్క చిత్రముగా జరుపుచు, శిశువు చూపు కుడివైపున్నదా, ఎడమవైపున్నదా, ఎటును లేదా అని గుర్తించుట — ఇవి వారి పనులు. ఒక్క నిమిషపు వీడియోలో 1800 చిత్రములుండును. విసుగు పుట్టించు పనియని తోచవచ్చును. కాని ఈ పనియే విద్యార్థికి తక్కిన చదువంతటిలోను దొరకని యొక గుణమును ప్రసాదించునని నా నిశ్చయము. జరిగినదానిని జరిగినంతవఱకే చూచుట ఆ గుణము.

మన యిండ్లలో అన్నప్రాశన నాడు బిడ్డ ముందు పుస్తకము, కలము, బంగారము, కత్తి, పూలు మున్నగునవి ఉంచి, ప్రాకిపోయి దేనిని పట్టునో అని బంధువులందఱు చుట్టు చేరి చూతురు. పుస్తకము పట్టిన పండితుడగుననియు, బంగారము పట్టిన ధనవంతుడగుననియు సంతోషింతురు. శిశువు చేష్టలో అర్థమును వెదకు కోరిక మన జాతికి క్రొత్తది గాదనుటకు ఇది నిదర్శనము. ప్రయోగశాలలోను చేయునది కొంతవఱకు ఇదియే. కాని అచ్చట వస్తువుల స్థానములను బిడ్డ బిడ్డకును మార్చుదురు. ఏలయన కుడివైపునకు చేయి చాచుట వాని అలవాటు కావచ్చును. బిడ్డను ఒడిలో నుంచుకొన్న తల్లికి చెవులపై హెడ్‌ఫోన్లు పెట్టి సంగీతము వినిపింతురు; ఏలయన ఆమె ఉలికిపాటు బిడ్డకు సంజ్ఞ కావచ్చును. వీడియో చూచి గుర్తించువానికి ఆ సమయమున శిశువు ఏ ధ్వని వినుచున్నాడో తెలియనీయరు. ఏలయన తెలిసినవాడు తాను కోరినదే చూడవచ్చును. అదే వీడియోను వేఱొకరిచేత గూడ గుర్తింపించి, ఇరువురికిని పొత్తు ఎంత కుదిరినదో జేకబ్ కోహెన్ 1960లో ఏర్పఱచిన 'కప్పా' అను కొలమానముతో గణింతురు. తన కన్ను తనను మోసగింపవచ్చునని ఇరువది యేండ్ల ప్రాయమున, స్వయముగా, అంకెలతో తెలిసికొన్నవాడు పిమ్మట వైద్యుడైనను, ఉపాధ్యాయుడైనను, న్యాయమూర్తియైనను, ఇతరులను గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఒక క్షణమాగును. ఆ క్షణమే విద్యకు ఫలము.

ఇక మెదడు సంగతి. పుట్టునాటికి శిశువు మెదడు పెద్దవారి మెదడు బరువులో సుమారు నాలుగవ వంతుండును. తొలి రెండు మూడేండ్లలో అది పెరుగు వేగము జీవితములో మఱియెన్నడు నుండదు. తలపై మెత్తని తడి స్పంజులు గల వలను తొడిగి విద్యుత్తరంగములను కొలుచు పద్ధతికి హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యునియందు చేసిన ప్రయోగము మూలము. ఎఱుపు దాటిన, కంటికి కానరాని కాంతిని పలుచని కపాలము గుండ పంపి, ఏ భాగమునకు ప్రాణవాయువుతో గూడిన రక్తము హెచ్చుగా చేరుచున్నదో కనుగొను పద్ధతి యింకను క్రొత్తది; దాని పరికరము పెట్టెలో ఇముడును గనుక పల్లెకు గూడ తీసికొనిపోవచ్చును. ఉత్తరప్రదేశములోని శివగఢ్ ప్రాంతమున ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమువారును, స్థానిక సంస్థయు కలిసి నాలుగు నెలలు మొదలు నాలుగేండ్ల వఱకు వయస్సు గల పిల్లలపై ఈ పద్ధతిని ప్రయోగించి, 2019లో ఫలితములు ప్రకటించిరి. చూచినదానిని క్షణకాలము మనస్సున నిలుపు శక్తికి ఆధారమైన మెదడు స్పందన, ఆదాయమును తల్లి చదువును తక్కువైన ఇండ్ల పిల్లలలో బలహీనముగా నున్నదని వారు కనుగొనిరి. ఇట్టి ఫలితమును చదువు విద్యార్థికి రెండు కర్తవ్యములు గలవు: అంకెను దాచకుండుట, ఆ అంకెను పేద తల్లిపై నేరముగా మోపకుండుట. బొమ్మసంద్రలో పండ్రెండు గంటలు నిలిచి పనిచేసి వచ్చిన తల్లి బిడ్డతో ఎంతసేపు ఆడగలదో ఆ పక్కింటిలో పెరిగిన విద్యార్థినికి తెలిసినంతగా వేఱొకరికి తెలియదు.

ఇచ్చటనే మన పేట విద్యార్థికి గల సంపద బయటపడును. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నైతిక నియమావళి ననుసరించి, శిశువుపై ఏ పరిశోధన చేయవలెనన్నను నైతిక సంఘపు అనుమతియు, తలిదండ్రుల ఎఱుకతో గూడిన అంగీకారమును ఉండవలెను. సంతకము తీసికొనినంతమాత్రమున ఎఱుక కలుగదు. కాగితములోని విషయమును మదనపల్లె తల్లికి మదనపల్లె మాటలలో, ఆనేకల్లు తల్లికి ఆమె కన్నడములో, "ఇష్టము లేకున్న ఇప్పుడే లేచి పోవచ్చునమ్మా, మీకే నష్టమును లేదు" అని ఆమె నమ్మునట్లు చెప్పువారుండవలెను. శిశువు విషయమున నియమము మఱింత తేట: వాడు ఏడ్చెనా, పని ఆపవలయును, ఆ ఏడుపే వాని నిరాకరణము. తమ్ముని చంకనెత్తుకొని పెరిగినది, నాలుగు భాషలలో బేరమాడనేర్చినది, ఏడుపులో ఆకలి యేదో నిద్ర యేదో ఎఱిగినది ఐన బాలికకు ఉన్న అర్హత ఏ విలువగల యంత్రమును కొన్నను ప్రయోగశాలకు చేకూరదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తలుపులున్నవి, కొన్ని ఓరగా తెఱచియున్నవి. ఇదే హోసూరు రహదారిపై నగరము వైపు సుమారు ఇరువది కిలోమీటర్లు పోయిన నిమ్‌హాన్స్ కలదు. 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థయు, అంతకుముందే యున్న మానసిక వైద్యశాలయు 1974లో ఏకమై అయిన సంస్థ యది. 2012 చట్టముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయైనది. ప్రసవానంతరము మనోవ్యాధికి లోనైన తల్లిని బిడ్డనుండి విడదీయక ఇరువురిని కలిపియుంచి చికిత్స చేయు విభాగమును దేశమున మొట్టమొదట 2009లో నెలకొల్పినది అచ్చటనే. తల్లి మనఃస్థితి శిశువు ఎదుగుదలపై చూపు ప్రభావమును గర్భకాలమునుండి వెంబడించి చూచు బెంగుళూరు శిశు పరిశీలనకును అదియే స్థానము. భారతీయ విజ్ఞాన సంస్థ 2011లో డిగ్రీ విద్యార్థులకై నాలుగేండ్ల పరిశోధనాత్మక పాఠ్యక్రమమును ఆరంభించినది. సి.వి. రామన్ 1934లో ఈ నగరముననే స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, ప్రయాగరాజులలోని రెండు అకాడమీలతో కలిసి వేసవిలో రెండు నెలలపాటు విద్యార్థులను పరిశోధకుల చెంతకు వేతనమిచ్చి పంపుచున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘపు నియమముల ప్రకారము తొలి ఆరు సెమిస్టరులలో 75 శాతము మార్కులు పొందినవారు నాలుగవ యేట పరిశోధన చేయవచ్చును. ఆంధ్రప్రదేశము 2020–21నుండి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చినది. కర్ణాటకము 2024లో మఱల మూడేండ్ల డిగ్రీకి మరలినందున, చందాపుర విద్యార్థి వంటివారికి ఆ నాలుగవ యేటి యవకాశము ఇరుకైనది. కావుననే వేసవి నెలలును, కళాశాలల చొరవయు మునుపటికంటె ముఖ్యములైనవి.

చొరవ యనగా ధనరాసులు గావు. మన దేశమున ఈ విద్యకు పూర్వులు లేకపోలేదు. బరోడాలో ప్రమీలా ఫాటక్ మన శిశువులకు తగిన కొలమానమును సిద్ధపఱచిరి. పుట్టినది మొదలు 30 నెలల వఱకు చలనమునకు 67, మనస్సునకు 163 అంశములు గల ఆ పరీక్షను నేటికిని వైద్యులు వాడుచున్నారు. తిరువనంతపురమున 17 అంశములతో ఒక్క పటముగా రూపొందిన పరీక్షను ఆరోగ్య కార్యకర్తలు సైతము నిమిషములలో చేయగలరు. ఒక గది, ఒక కెమెరా, ఒక నైతిక సంఘము, ఓర్పుగల అధ్యాపకురాలొకతె యున్న చాలును. ఈ రహదారి పొడవున గల కళాశాలలలో ఏదైనను మొదలుపెట్టవచ్చును. ఒంటరిగా చేయవలసిన పనియు లేదు. పెద్దలు శిశువులతో సాగదీసి, రాగము తీసి మాటలాడు తీరును శిశువులు నిజముగా ఇష్టపడుదురా అని కనుగొనుటకు 67 ప్రయోగశాలలు ఏకమై, 2,329 మంది శిశువులను పరిశీలించి, 2020లో ఒక్క వ్యాసముగా ప్రకటించినవి. "బువ్వ తిందువా, లాల పోసుకుందువా, బజ్జుందువా" అను మన తల్లుల పలుకుబడియు అట్టి సమష్టి కృషిలో చోటు పొందదగినదే.

అయితే రెండు భయములు నాకు లేకపోలేదు. విద్యార్థి సర్టిఫికెట్టు కొఱకు వచ్చి, మూడు వారములు కుర్చీలు సర్ది, ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారో తెలియకయే వెడలిపోవుట యొకటి. చేరిన నాడే ఆ ప్రశ్నను వానికి విప్పిచెప్పుట గురువు ధర్మము. బస్సు చార్జీలకు తడుముకొను యింటి బిడ్డలకు ఏదో యొక భృతి నిచ్చుట సంస్థ ధర్మము. లేనిచో ఉచితముగా పనిచేయగల కలవారి పిల్లలకే పరిశోధన దక్కును. రెండవ భయము మఱింత లోతైనది: శ్రామికవాడల శిశువులు లెక్కలకు మాత్రమే పనికివచ్చి, ఫలితము తిరిగి ఆ తల్లికి చేరకపోవుట. ఒక పూట కూలి వదలుకొని వచ్చిన తల్లికి, ఏమి తెలిసినదో ఆమె భాషలో, ఆమె గడపలో చెప్పివచ్చు బాధ్యతను విద్యార్థి మీద ఉంచినయెడల, ఆ ఒక్క నియమమే శాస్త్రమును సంస్కారవంతము చేయును.

బాలికకు నేనిచ్చిన సమాధానము క్లుప్తమైనది. ఆచార్యులకు ఉత్తరము వ్రాయునపుడు మార్కులకంటె ముందు, నిన్ను వదలకుండ పట్టియున్న ప్రశ్న యేదో వ్రాయుము. నీకు వచ్చు భాషలను సిగ్గుపడక వరుసగా పేర్కొనుము. వారమునకు ఎన్ని గంటలు తప్పక ఇయ్యగలవో నిజము చెప్పుము. సమాధానము రాకున్న మఱల వ్రాయుము. లోపల అడుగుపెట్టిన పిదప, నీవు ఊహించినది శిశువు చేయనినాడు శిశువునే నమ్ముము.

చందాపురలో పెరుగు బిడ్డలను గూర్చి లోకమునకు తెలియవలసినది చాల కలదు. దానిని తెలుపుటకు వారి వీధిని, వారి తల్లుల మాటను, వారి ఇండ్ల అలసటను ఎఱిగిన విద్యార్థులకంటె తగినవారు లేరు. వారిని పిలువవలసిన బాధ్యత సంస్థలది, అడుగవలసిన హక్కు విద్యార్థులది. ఈ రెండును కలిసిననాడు మన శిశుశాస్త్రము మన భాషలలోనే తన తొలిపలుకులు పలుకును.